గ్రాఫిక్స్ కార్డ్ కంటే ముందు ప్లగ్ పాయింట్ సంగతి చూడండి

ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చి, కౌన్సెలింగ్‌లో సీట్లు ఖాయమయ్యే రోజుల్లో మా కంప్యూటర్ ల్యాబ్‌కు ఫోన్లు ఎక్కువవుతాయి. మన స్కూల్లో పదో తరగతి ముగించి వెళ్లి రెండేళ్లయిన పిల్లల తల్లిదండ్రులు కూడా నంబరు దాచిపెట్టుకుని చేస్తారు. "సార్, మావోనికి సీఎస్ఈ వచ్చింది. ల్యాప్‌టాప్ తీసుకోవాలె. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నదైతేనే నాలుగేండ్లు పనికొస్తదంటుండ్రు, నిజమేనా?" కరీంనగర్, గోదావరిఖని, మంచిర్యాల, ఆదిలాబాద్... ఫోన్ వచ్చే ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు.

నా జవాబు కూడా మారదు. పదిమందిలో ఎనిమిది మందికి అది అక్కర్లేదు. అక్కర్లేకపోవడమే కాదు, హాస్టల్లో ఉండే పిల్లకో పిల్లాడికో అది రోజూ ఇబ్బంది పెట్టే వస్తువు కూడా కావచ్చు. ఇది నా అభిప్రాయమే, స్కూలు నిర్ణయమేమీ కాదు. ఒప్పుకోనివాళ్లు మన స్టాఫ్‌లోనే ఉన్నారు. అయినా 20 వేలో 30 వేలో అదనంగా పెట్టబోయే ముందు, అప్పు చేసో చిట్టీ ఎత్తుకునో పెట్టబోయే ముందు, ఈ రెండు పేజీలు చదవండి.

స్క్రీన్ మీద కనిపించే ప్రతి అక్షరాన్నీ, ప్రతి బొమ్మనూ గీసేది గ్రాఫిక్స్ చిప్. అది లేని ల్యాప్‌టాప్ ఉండదు. కాబట్టి "గ్రాఫిక్స్ లేని ల్యాప్‌టాప్" అని షాపులో అనే మాటే సరైంది కాదు. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింట్లో ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్ లోపలే ఒక చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంటుంది. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోనే కొంత వాడుకుంటుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో దీనికి తోడు ఇంకో చిప్ విడిగా పెడతారు. దానికి 4, 6, 8 జీబీల సొంత మెమరీ, దాని వేడి లాగడానికి పెద్ద ఫ్యాన్లు, అదంతా నడవడానికి ఇటుకంత అడాప్టర్ ఉంటాయి. మనం గ్రాఫిక్స్ కార్డ్ అంటున్నది ఈ రెండోదాన్ని.

ఈ రెండింటి ఆకలి వేరు. బ్రౌజింగ్, వర్డ్, వీడియో పాఠం, సీ ప్రోగ్రాములు, ఇలాంటి పనులతో ఒక సాధారణ ల్యాప్‌టాప్ స్క్రీనుతో సహా మొత్తం కలిపి సుమారు 6 నుంచి 12 వాట్లతో నడుస్తుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4050 ల్యాప్‌టాప్ కార్డునే తీసుకోండి. కంపెనీ చెప్పే లెక్కలోనే ఆ ఒక్క కార్డుకు 35 నుంచి 115 వాట్ల దాకా పోతుంది. మన ఇంట్లో పాత రకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. తాగే నీళ్ల కోసం ఇంట్లో 5 హెచ్‌పీ మోటారు ఎవరం పెట్టుకోం. పొలం ఉంటే పెట్టుకుంటాం.

ఇక బ్యాటరీ. ల్యాప్‌టాప్ బ్యాటరీని వాట్ అవర్లలో కొలుస్తారు. 50 వాట్ అవర్ల బ్యాటరీ అనుకుందాం. 8 వాట్లతో పని జరుగుతుంటే 6 గంటలు వస్తుంది. విడి కార్డు ఏ పనీ లేకుండా ఊరికే మేలుకుని ఉన్నా ఇంకో 10, 12 వాట్లు తింటుంది. అప్పుడు అదే బ్యాటరీ రెండున్నర గంటలు. గేమ్ ఆడితే గంట కూడా కష్టమే. కంపెనీలు దీనికి విరుగుడుగా పెద్ద బ్యాటరీలు పెడతాయి, నిజమే. కానీ దానికీ ఒక హద్దుంది. ప్రత్యేక అనుమతి లేకుండా విమానంలో తీసుకెళ్లగలిగే బ్యాటరీ 100 వాట్ అవర్లు దాటకూడదు. అందుకే ఎంత ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ అయినా 99 దగ్గర ఆగిపోతుంది. కార్డు ఆకలి మాత్రం అక్కడ ఆగదు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి. ప్లగ్ తీసేస్తే ఆ ఖరీదైన కార్డు పూర్తి బలంతో పనిచేయదు. గోడ నుంచి అడాప్టర్ ఇచ్చేంత కరెంటును బ్యాటరీ ఇవ్వలేదు కాబట్టి, ల్యాప్‌టాప్ తనంతట తానే కార్డు వేగాన్ని తగ్గించేస్తుంది. అంటే మీరు అదనంగా కట్టిన డబ్బుకు ఫలితం ప్లగ్ పాయింట్ పక్కన కూర్చున్నప్పుడే. అక్కణ్నుంచి లేస్తే మిగిలేది బరువు.

ఇప్పుడు ఆ ప్లగ్ పాయింట్ ఎక్కడుందో ఆలోచించండి. ఒక హాస్టల్ గదిలో నలుగురుంటారు, ఒక్కోచోట ఆరుగురు. గోడకు రెండు ప్లగ్‌లు, వాటికి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్, దానికి నాలుగు ఫోన్లు, ఎవరిదో ఒక కెటిల్. క్లాసు రూములో బెంచీ దగ్గర ప్లగ్ ఉండే కాలేజీలు మన జిల్లాల్లో ఎన్ని? అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ల్యాబ్ చూస్తాం, మెస్ చూస్తాం. బెంచీ కింద ప్లగ్ ఉందో లేదో ఎవరం చూడం.

బాసర ఉదాహరణ మనకు దగ్గరది. 2008లో ఆర్‌జీయూకేటీ మొదలైనప్పుడు, పదో తరగతి కాగానే చేరిన పిల్లలందరికీ ల్యాప్‌టాప్ ఇవ్వడం ఆ చదువు పద్ధతిలోనే భాగం. బాసర అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి నిర్మల్ జిల్లా. ఊళ్లలో సర్కారు బడిలో చదివి వచ్చిన పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని పాఠం వినడం, అందులోనే అసైన్‌మెంట్ చేయడం మన ప్రాంతంలో పెద్ద ఎత్తున మొదలైంది అక్కడే. 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు రోజుల తరబడి ఆందోళన చేసినప్పుడు వాళ్లు పెట్టిన డిమాండ్లలో ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. ఎక్కడా ఎవరూ గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని అడగలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాఠం నడిచే చోట కావలసింది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలిచే యంత్రం.

పోయిన ఏడాది మన పాత విద్యార్థి ఒకడు సెలవులకు వచ్చి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. వాళ్ల నాన్న దాదాపు లక్ష పెట్టి కొన్నారు. మొదటి సెమిస్టర్‌లో ఒక ఆన్‌లైన్ టెస్టు మధ్యలో అది ఆగిపోయింది. ఆ రోజు కరెంటు లేదు, హాస్టల్ జనరేటర్ లైట్లకే సరిపోయింది. వాడి పక్కవాడి దగ్గర సగం ధర ల్యాప్‌టాప్, వాడు టెస్టు పూర్తి చేశాడు. "బ్యాటరీ ఖరాబైంది సార్, మార్పిస్తా" అన్నాడు. నేను బ్యాటరీ రిపోర్ట్ తీసి చూస్తే బ్యాటరీ శుభ్రంగా ఉంది. ఖరాబైంది సెట్టింగ్. ఏదో యూట్యూబ్ వీడియో చూసి, గేమ్ వేగం పెరుగుతుందని, అన్ని ప్రోగ్రాములూ విడి కార్డు మీదే నడిచేలా పెట్టుకున్నాడు. బ్రౌజర్ తెరిచినా కార్డే, పీడీఎఫ్ తెరిచినా కార్డే. దాన్ని మామూలు స్థితికి తెచ్చి, స్క్రీన్ రిఫ్రెష్ రేటు 144 నుంచి 60కి తగ్గించాక, గంటన్నర వచ్చే బ్యాటరీ ఆ సాయంత్రం నాలుగు గంటలు దాటింది. ఒక్క స్క్రూ విప్పలేదు.

దీని వెనక సంగతి కొంచెం చెప్పాలి. రెండు చిప్‌లు ఉన్న తొలి తరం ల్యాప్‌టాప్‌లలో ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే మనమే మార్చి, లాగౌట్ అయ్యో రీస్టార్ట్ చేసో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. 2010లో ఎన్‌విడియా ఆప్టిమస్ అనే పద్ధతి తెచ్చింది. మామూలు పనులన్నీ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ చేస్తుంది. గేమ్ లాంటి బరువైన పని రాగానే పెద్ద కార్డు లేస్తుంది, అది గీసిన బొమ్మను చిన్నదాని ద్వారానే స్క్రీనుకు పంపుతుంది, పని కాగానే మళ్లీ పూర్తిగా ఆగిపోతుంది. ఏఎండీ కార్డుల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మంచి పద్ధతి. సరిగ్గా నడిస్తే కార్డు ఉన్నా బ్యాటరీకి పెద్ద దెబ్బ తగలదు. ఆ న్యాయం ఒప్పుకుని తీరాలి.

చిక్కు ఎక్కడంటే, ఆ కార్డు నిద్రపోతోందో లేదో మామూలు మనిషికి తెలియదు. గేమ్ లాంచర్ ఒకటి వెనకాల నడుస్తూ దాన్ని లేపి ఉంచవచ్చు. కదిలే వాల్‌పేపర్ లేపవచ్చు. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా విడి కార్డుకే కలిపి ఉంటుంది కాబట్టి, టీవీకో ప్రొజెక్టర్‌కో కేబుల్ పెడితే చాలు, అది లేచి కూర్చుంటుంది. కొత్త మోడళ్లలో మక్స్ స్విచ్ అని ఇంకోటి వచ్చింది. అది చిన్న గ్రాఫిక్స్‌ను పక్కకు తప్పించి స్క్రీన్‌ను నేరుగా పెద్ద కార్డుకే కలుపుతుంది. గేమ్ వేగం పెరుగుతుంది. ఆడటం అయ్యాక స్విచ్ వెనక్కి తిప్పడం మరిచిపోతే ఆ రోజు నుంచి వర్డ్ ఫైలు కూడా ఆ కార్డు మీదే. పదిహేడేళ్ల పిల్లాడు ఇంత గుర్తుపెట్టుకుని వాడతాడని నేను నమ్మను. మన ఇంట్లో ఫ్యాన్ స్విచ్ సంగతి మనకు తెలియదా?

ఇంకో మాట, బాక్సు మీద రాసే "10 గంటల బ్యాటరీ" గురించి. చాలాసార్లు ఆ అంకె వెలుతురు తగ్గించి, వీడియో ఒకటి ఆడిస్తూ కొలిచినది. అంటే విడి కార్డు నిద్రలో ఉన్నప్పటి లెక్క. కార్డు పేరు చెప్పి డబ్బు తీసుకుంటారు, కార్డు పడుకుని ఉన్నప్పటి గంటలు చూపిస్తారు.

కరెంటు బిల్లు సంగతి కూడా చూద్దాం, ఇంట్లో ఉండి చదివే పిల్లలకు ఇది వర్తిస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ మీద ఆట నడిచేటప్పుడు గోడ నుంచి 150 వాట్లు లాగుతుందనుకోండి. రోజుకు 4 గంటలు, నెలకు 18 యూనిట్లు. సాధారణ ల్యాప్‌టాప్ అదే 4 గంటలు 15 వాట్లతో పనిచేస్తే నెలకు 2 యూనిట్లకు లోపే. తేడా 16 యూనిట్లు. పెద్ద మొత్తమేం కాదు కదా అనిపిస్తుంది. కానీ 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న ఇళ్లలో గీత 200 యూనిట్ల దగ్గర ఉంది. మే నెలలో కూలర్ తిరుగుతూ మీటర్ 190 దగ్గర ఉన్న ఇంటికి ఈ 16 యూనిట్లు చిన్నవి కావు. గీత దాటితే ఆ నెల జీరో బిల్లు రాదు.

మన దగ్గర ఈ మాట ఇంకో రకంగా కూడా చెప్పుకోవచ్చు. రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు చూస్తూ పెరిగిన పిల్లలు మనవాళ్లు. బొగ్గుతో చేసే కరెంటుకు యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. ఆ 16 యూనిట్లంటే 11 కిలోలు. సింగరేణిలో పనిచేసే ఒక తండ్రికి పేరెంట్స్ మీటింగ్‌లో ఈ లెక్క చెబితే ఆయన నవ్వి, "అయితే మావోడు ఆడే ఆటకు నేను తవ్వుతున్న అన్నట్టు" అన్నారు.

కరెంటు పోయినప్పటి లెక్క వేరు. ఆదిలాబాద్ వైపు, ఉట్నూర్, ఇంద్రవెల్లి వంటి చోట్ల గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడితే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇన్వర్టర్ ఉన్న ఇల్లయితే 65 వాట్ల అడాప్టర్ ఒక ఫ్యాన్ కంటే తక్కువే. 180 వాట్ల అడాప్టర్ పూర్తిగా లాగితే రెండు ఫ్యాన్ల కంటే ఎక్కువ. రాత్రి ఇంట్లో పెద్దవాళ్లకు ఫ్యాన్ ఉండాలా, పిల్లాడికి చార్జింగ్ ఉండాలా అన్న పంచాయితీ ఎందుకు?

వేసవి ఇంకో శత్రువు. రామగుండం, జగిత్యాల వైపు 45 డిగ్రీలు కొత్త కాదు. లిథియం బ్యాటరీకి రెండు విషయాలు పడవు: వేడి, ఎప్పుడూ నూరు శాతం నింపి ఉంచడం. గేమింగ్ ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ నిలవదు కాబట్టి పిల్లలు దాన్ని రోజంతా ప్లగ్‌లోనే ఉంచుతారు. లోపల కార్డు వేడి, బయట ఎండ వేడి, పైన నిండు చార్జింగ్. పరుపు మీద పెట్టి ఆడితే గాలి రంధ్రాలు కూడా మూసుకుంటాయి. రెండేళ్లకు బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచిన ల్యాప్‌టాప్‌లు మా ల్యాబ్‌కు వచ్చాయి. అలా ఉబ్బిన బ్యాటరీని చార్జ్ చేయవద్దు, నొక్కవద్దు. వెంటనే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.

మరి ఎవరూ కొనవద్దా? అలా అనను. ఆర్కిటెక్చర్, యానిమేషన్, వీడియో ఎడిటింగ్ వైపు వెళ్లేవాళ్లకు కార్డు పనిముట్టే. మెకానికల్‌లో పెద్ద త్రీడీ మోడళ్లు చేసే దశ వచ్చినప్పుడు కావచ్చు, అది మొదటి ఏడాదిలో రాదు. "ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ అని సబ్జెక్టే ఉంది కదా సార్" అని ఒకమ్మ అడిగారు. ఆమెను తప్పు పట్టలేం, పేరు అలాంటిది. అది డ్రాయింగ్ సబ్జెక్టు. కంప్యూటర్ మీద గీయించినా ఆ గీతలకు ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ చాలు.

ఏఐ బ్రాంచి వాళ్ల వాదన కాస్త బలమైనది. మోడళ్లకు శిక్షణ ఇవ్వాలంటే ఎన్‌విడియా కార్డు నిజంగానే కావాలి. కానీ మొదటి, రెండో ఏడాదుల్లో నేర్చుకునేది సీ, పైథాన్, డేటా స్ట్రక్చర్స్, గణితం. ఆ తర్వాత అవసరమైనప్పుడు గూగుల్ కొలాబ్‌లో కొన్ని పరిమితులతో ఉచితంగానే కార్డు దొరుకుతుంది. కరెంటు ఖర్చు వాళ్ల డేటా సెంటర్‌ది, మీ అమ్మాయి ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్ చల్లగా ఉంటుంది. మూడో ఏడాదికి నిజంగా అవసరం తేలితే అప్పుడు కొనవచ్చు. అప్పటికి అదే డబ్బుకు మెరుగైనది దొరికే అవకాశమూ ఉంది.

ఇక మిగిలింది ఆటలు. పిల్లలూ, ఈ పేజీ మీరూ చదువుతారని తెలుసు. గేమ్స్ ఆడాలని ఉంటే అదే మాట అమ్మానాన్నలకు చెప్పండి. అది తప్పేమీ కాదు. దాన్ని "ప్రాజెక్టులకు కావాలి" అని చెప్పి కొనిపించడం మాత్రం నాకు నచ్చదు. ఇంట్లో స్తోమత ఉండి, తెలిసి కొనిస్తే అది మీ ఇంటి సంగతి. తెలియక కొనిస్తేనే బాధ.

షాపుకు వెళ్లినప్పుడు ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత అని అందరం అడుగుతాం. వాటితో పాటు బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లు అని అడగండి. అమ్మే కుర్రాడికి తెలియకపోతే బాక్సు మీదో, కంపెనీ సైటులోనో చూపించమనండి. 50కి తగ్గితే ఇంకోటి చూడండి. అడాప్టర్ ఎన్ని వాట్లదో చూడండి. 65 లోపు ఉంటే ఆ యంత్రం మితాహారి అని అర్థం. టైప్ సీ పోర్టుతో చార్జ్ అవుతుందా అని కూడా అడగండి, హాస్టల్లో చార్జర్ పోగొట్టుకున్న రోజున పక్కవాడి చార్జర్ అక్కరకొస్తుంది. కార్డుకు పెట్టాలనుకున్న డబ్బులో కొంత 16 జీబీ ర్యామ్‌కు పెడితే నాలుగేళ్లు నిజంగా పనికొచ్చేది అదే.

ఇప్పటికే కార్డు ఉన్నది కొనేసినవాళ్లు దిగులు పడక్కర్లేదు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్ అని ఉంటుంది. అక్కడ ఒక్కో ప్రోగ్రాముకు విడివిడిగా పవర్ సేవింగ్ లేదా హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవచ్చు. బ్రౌజర్, జూమ్, వర్డ్ అన్నింటికీ మొదటిది పెట్టండి, గేముకు మాత్రం రెండోది. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో ఎకో అనో హైబ్రిడ్ అనో ఒక మోడ్ ఉంటుంది, కాలేజీకి వెళ్లే రోజుల్లో అదే ఉండాలి. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే ఇంట్లో ఉన్నప్పుడు అది ఆన్ చేయండి. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి కార్డును డిసేబుల్ చేయమని కొందరు చెబుతారు. చేయవద్దు. నిద్రపుచ్చే డ్రైవరే పక్కకు పోవడంతో కొన్ని మెషీన్లలో కార్డు కరెంటు తింటూనే ఉండిపోతుంది.

ఇవన్నీ ఫోన్లో చెబితే అర్థం కావు, నాకు తెలుసు. శనివారం మధ్యాహ్నం మూడు తర్వాత ల్యాబ్‌లో ఉంటాను. మన స్కూల్లో ఇప్పుడు చదువుతున్నా, చదివి వెళ్లిపోయినా, ల్యాప్‌టాప్ తీసుకుని రండి. అడాప్టర్ మరిచిపోవద్దు, ముందు దాని మీద రాసి ఉన్న వాట్ల అంకె చూసి, తర్వాత ల్యాప్‌టాప్ తెరుద్దాం.